కప్పు కొట్టిన క్లబ్ ఊరు వదిలి పోయింది: హైదరాబాద్ ఎఫ్‌సీ కథ

కామారెడ్డి నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. ఈరోజు ముచ్చట ఫుట్‌బాల్ గురించి.

ఈ మధ్య ఎల్లారెడ్డిలో ఇంటర్ చదువుతున్న ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "మనకు హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక టీం ఉండె కదా, కప్పు కూడా కొట్టింది కదా, ఇప్పుడు ఐఎస్‌ఎల్ టేబుల్‌లో చూస్తే కనిపిస్తలేదు, ఏమైంది?" మంచి ప్రశ్న. మీలో చాలామందికి ఈ డౌట్ ఉండొచ్చు. ఫోన్‌లో స్కోర్ యాప్ తెరిస్తే మోహన్ బగాన్ ఉంటది, ఈస్ట్ బెంగాల్ ఉంటది, కేరళ బ్లాస్టర్స్ ఉంటది. మన ఊరి పేరు మాత్రం ఉండదు.

ఒక్క లైన్‌లో జవాబు చెప్పాలంటే, ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. 2022లో దేశంలో ఛాంపియన్ అయిన టీం మూడున్నర ఏళ్లలో ఊరే వదిలి పోయింది. ఎందుకు పోయింది, పోకుండా ఎవరైనా ఆపగలిగేవాళ్లా, ఇందులో కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లలకు సంబంధం ఏంది, ఈ మూడు ముచ్చట్లు చెప్పుకుందాం. దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ 2019లో పుట్టలేదు.

హైదరాబాద్ సిటీ పోలీస్. ఇది ఒక ఫుట్‌బాల్ టీం పేరు. 1950ల్లో దేశంలో ఏ మూలకు పోయినా ఈ పేరు చెబితే ఎదుటి టీం జాగ్రత్త పడేది. అప్పట్లో ఐఎస్‌ఎల్ లేదు, ఐ-లీగ్ లేదు. పెద్ద టోర్నమెంట్లు అంటే కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్, ఢిల్లీలో డ్యూరాండ్ కప్, బొంబాయిలో రోవర్స్ కప్. ఆ రోవర్స్ కప్‌ను మన పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఐదుసార్లు, వరుసగా! కొన్నేళ్లు ఆగిపోయిన డ్యూరాండ్ కప్ 1950లో మళ్లీ మొదలైతే, దాని ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది కూడా వీళ్లే. మొదటి ఫైనల్ 2-2 డ్రా అయింది, మళ్లీ ఆడించారు, రెండోసారి 1-0తో గెలిచారు.

ఈ టీం వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అంటారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసిన వాళ్లకు పేరు గుర్తుంటది, అజయ్ దేవగన్ వేసిన పాత్ర ఈయనదే. ఈయన వృత్తి టీచర్. 1950లో సిటీ పోలీస్ టీంకు కోచ్ అయ్యాడు, 1963లో చనిపోయే దాకా ఆ టీంతోనే ఉన్నాడు. మధ్యలో ఇండియా టీంకు కూడా కోచ్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మళ్లీ గోల్డ్. ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టారు. ఆ జకార్తా టీంలో మన సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

రహీం సాబ్ చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. ఆయన పిల్లలకు టోర్నమెంట్ పెట్టి, మీకు అలవాటైన కాలితో తన్నొద్దు, రెండో కాలితోనే ఆడాలి అనేవాడట. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమకాలితోనే ఆడాలి. మొదట్లో అందరూ కిందా మీదా పడతారు, నవ్వులే నవ్వులు. కానీ కొన్నాళ్లకు రెండు కాళ్లూ పనిచేస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తది.

సరే, ఆ టీం ఎలా నడిచింది? ఇది ముఖ్యం. ఆ రోజుల్లో ప్లేయర్‌కు కాంట్రాక్ట్ అంటూ ఏమీ లేదు. పోలీస్ శాఖలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు. నెలకు జీతం వస్తది, డ్యూటీ ఉంటది, పొద్దున సాయంత్రం గ్రౌండ్ ఉంటది. ఆట అయిపోయినా, కాలు విరిగినా ఉద్యోగం ఉంటది, రిటైర్ అయితే పెన్షన్ ఉంటది. పేదింటి పిల్లగాడికి అంతకంటే ఏం కావాలి? టీం ఎక్కడికీ పోదు, ఎందుకంటే పోలీస్ శాఖ ఊరు వదిలి పోదు కదా! అదే టీం తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో కూడా డ్యూరాండ్ గెలిచింది. అప్పటి హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు గెలిచింది.

మరి ఆ వైభవం ఎందుకు పోయింది? ఒకే కారణం చెప్తే తప్పవుతది. 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన తర్వాత ఆ స్థాయిలో టీంను, పిల్లలను కలిపి చూసే మనిషి దొరకలేదు. మంచి ప్లేయర్లను కలకత్తా క్లబ్‌లు పిలుచుకున్నాయి, డబ్బు అక్కడే ఉండె. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. ఆ తర్వాతి తరంలో మన షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా కలకత్తాలోనే స్టార్లు అయ్యారు. ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరూ ఇండియాకు ఆడారు. 1983 వరల్డ్ కప్ తర్వాత గల్లీ గల్లీకి క్రికెట్ వచ్చింది. సిటీ పెరిగింది, ఖాళీ జాగాలు తగ్గాయి. ఇట్లా కొంచెం కొంచెంగా పోయింది. ఒక రోజు చూసుకుంటే ఏమీ మిగల్లేదు.

అట్లాంటి ఊరికి 2019లో ఐఎస్‌ఎల్ వచ్చింది. ఎట్లా వచ్చిందో వింటే మీకు నవ్వొస్తది, తర్వాత బాధ కూడా వస్తది.

పూణెలో ఎఫ్‌సీ పూణె సిటీ అని ఒక క్లబ్ ఉండె. 2014 నుంచి, అంటే ఐఎస్‌ఎల్ మొదటి సీజన్ నుంచి ఆడింది. 2019లో వాళ్ల ఓనర్లకు డబ్బు సమస్యలు వచ్చి దాన్ని మూసేశారు. ఆ ఖాళీలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2019 ఆగస్టు 27న క్లబ్ పెట్టారు, విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఓనర్లు. పూణెలో ఆడిన చాలామంది ప్లేయర్లు ఇక్కడికే వచ్చారు. సీజన్ అక్టోబర్‌లో మొదలు, క్లబ్ పుట్టింది ఆగస్టు చివర్లో. అంటే రెండు నెలలు కూడా టైం లేదు. లోగో మీద కోహినూర్ వజ్రం, చార్మినార్ మీనార్ పెట్టారు. పసుపు జెర్సీ. హోం గ్రౌండ్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియం.

అదే ఏడాది ఇంకోటి కూడా జరిగింది. ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్ ఢిల్లీ వదిలి భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే 2019లో పూణె ఒక క్లబ్‌ను పోగొట్టుకుంది, ఢిల్లీ ఒకటి పోగొట్టుకుంది. 2025లో హైదరాబాద్ పోగొట్టుకుంది, ఢిల్లీకి మళ్లీ దొరికింది. కుర్చీలాట అన్నట్టు! మ్యూజిక్ ఆగినప్పుడు కుర్చీ లేకుండా నిలబడేది ఏ ఊరి అభిమానులో ముందే ఎవరికీ తెలియదు.

మొదటి సీజన్ ఘోరం. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఏటీకే మీద, 5-0తో ఓడిపోయారు. తర్వాత నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోం మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద. కేరళ తరఫున రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీ, మార్సెలీనో ఫ్రీకిక్, మనం 2-1తో గెలిచాం. అంతే, ఆ తర్వాత సంతోషపడటానికి పెద్దగా ఏమీ లేదు. పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడితే రెండే గెలుపులు, పది పాయింట్లు, పదో స్థానం. ఉన్నవే పది టీంలు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తీసేశారు.

తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు, 2020లో. అక్కడి నుంచి కథ మారింది. పెద్ద పేర్ల వెంట పడకుండా చిన్న వయసు ఇండియన్ ప్లేయర్లకు ఛాన్స్ ఇచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, వీళ్లంతా ఆయన చేతిలో పెరిగినోళ్లే. పదో స్థానం నుంచి ఐదో స్థానం. ఆ తర్వాతి సీజన్, 2021-22లో, లీగ్‌లో రెండో స్థానం. నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు.

2022 మార్చి 20. గోవా, ఫటోర్డా స్టేడియం. ఫైనల్ మళ్లీ కేరళ బ్లాస్టర్స్ మీదనే. 68వ నిమిషంలో కేరళకు గోల్, కొట్టింది ఎవరు? మళ్లీ అదే రాహుల్ కేపీ! స్టేడియం మొత్తం పసుపే, కానీ ఆ పసుపు మనది కాదు, ఎక్కువ భాగం కేరళ అభిమానులే. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే అయిపోతదనగా, 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లోని బంతిని అట్లే తన్నాడు, గోల్! 1-1. ఎక్స్‌ట్రా టైంలో కూడా తేలలేదు. పెనాల్టీలు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. లెస్కోవిచ్ షాట్ ఆపాడు. నిశు కుమార్ షాట్ ఆపాడు. కీపర్ ముందే లైన్ దాటి కదిలాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ ఆపాడు! తర్వాత జీక్సన్ సింగ్ షాట్ కూడా ఆపాడు. హాలిచరణ్ నార్జరీ చివరి పెనాల్టీ వేశాడు, 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

ఆ రాత్రి నేను కామారెడ్డిలోనే, ఫోన్‌లో చూశాను. మా గల్లీలో ఒక్క పటాకా పేలలేదు. క్రికెట్ మ్యాచ్ గెలిస్తే ఎట్లుంటదో మీకు తెలుసు. దీనికి మాత్రం సప్పుడు లేదు. దానికి కారణం మీరూ నేనూ కాదు. ఇక్కడే అసలు విషయం ఉంది.

ఆ ఛాంపియన్ సీజన్ మొత్తంలో హైదరాబాద్‌లో ఎన్ని మ్యాచ్‌లు జరిగాయో చెప్పండి చూద్దాం? సున్నా. కరోనా వల్ల 2020-21, 2021-22 రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో, ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. ఫైనల్‌కు మాత్రం జనాన్ని రానిచ్చారు. అంటే ఈ టీం చరిత్రలో బంగారం లాంటి రెండేళ్లు మన ఊరి జనం కళ్లతో చూడలేదు. ఒక పిల్లగాడు నాన్న చెయ్యి పట్టుకుని గచ్చిబౌలి వెళ్లి, పక్క సీటోడితో కలిసి అరిచి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చే అనుభవం ఉంటది చూడండి, అట్లాంటి వాటితోనే క్లబ్ ఊరి మనసులో వేరు పట్టేది. మొదటి ఏడాది టీం ఓడిపోతుంటే జనం చూశారు. గెలుస్తుంటే చూడలేదు.

ఇది ఎవరి తప్పూ కాదు, కరోనా. కానీ ఇంకో విషయం ఉంది, దానికి కరోనా కారణం కాదు. ఆ ఫైనల్‌లో బరిలోకి దిగిన మొదటి పదకొండు మందిలో తెలంగాణ పిల్లగాడు ఒక్కడూ లేడు. గోవా, ఉత్తరప్రదేశ్, సిక్కిం, మణిపూర్, బ్రెజిల్, స్పెయిన్, నైజీరియా, అందరూ ఉన్నారు. వాళ్లు మస్తు ఆడారు, వాళ్ల మీద గౌరవం తప్ప ఇంకేం లేదు. కానీ ఒకప్పుడు ఇండియా టీంకే ఆటగాళ్లను ఇచ్చిన ఊరి పేరు జెర్సీ మీద ఉంది, ఆ ఊరి పిల్లగాడు జెర్సీలో లేడు. అది చూసుకోవాలి కదా.

2022-23లో టీం గచ్చిబౌలికి తిరిగొచ్చింది. మళ్లీ లీగ్‌లో రెండో స్థానం, 42 పాయింట్లు. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో పోయింది. ఆ టైంలో దక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపు స్టాండ్స్‌లో డప్పు కొట్టి మరీ గోల చేసేది. చిన్న గుంపే, కానీ నిజమైన గుంపు.

మన దగ్గరి నుంచి మ్యాచ్‌కు పోవడం ఎట్లుండెనో కూడా చెప్తా. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి గంటకు పైనే. కామారెడ్డి నుంచి జేబీఎస్‌కు బస్సు, అది ఒక రెండున్నర గంటలు వేసుకోండి. అక్కడ పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం. అక్కడి నుంచి ఆటో. మ్యాచ్ ఎక్కువగా రాత్రి ఏడున్నరకు మొదలు, అయ్యేసరికి తొమ్మిదిన్నర. వాపస్ ఎట్ల రావాలె? చుట్టాల ఇంట్లో పండుకోవాలె, లేదా బస్టాండ్‌లో కూర్చోవాలె. అందుకే జిల్లా పిల్లలకు ఈ క్లబ్ ఫోన్ స్క్రీన్‌లోనే ఉండిపోయింది.

ఇక పతనం. మనోలో 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. లోపల డబ్బు సమస్య అప్పటికే మొదలైంది. ఇక్కడ ఫ్రాంచైజీ లెక్క కొంచెం అర్థం చేసుకోవాలి. ఐఎస్‌ఎల్‌లో టీం నడపాలంటే ఓనర్ లీగ్‌కు ఫీజు కట్టాలి, ప్లేయర్ల జీతాలు, విదేశీ కోచ్, విమానాలు, హోటళ్లు, స్టేడియం ఖర్చు అన్నీ పెట్టుకోవాలి. టికెట్ల మీద వచ్చేది తక్కువ. స్పాన్సర్లు క్రికెట్‌కు పోతారు. అందుకే ఏటా నష్టం. ఓనర్ తన జేబులోంచి వేస్తూ పోతేనే బండి నడుస్తది. ఆ జేబు ఖాళీ అయిన రోజు మొదట ఆగేది జీతాలు. జీతం రాని ప్లేయర్ ఫిఫాకు ఫిర్యాదు చేస్తాడు. ఫిఫా ఆ క్లబ్ మీద కొత్త ప్లేయర్లను రిజిస్టర్ చేసుకోవద్దని బ్యాన్ పెడుతుంది. ఉన్నోళ్లు వెళ్లిపోతారు, కొత్తోళ్లు రాలేరు. చక్రవ్యూహమే.

2023-24లో సరిగ్గా ఇదే జరిగింది. బ్యాన్ పడింది. విదేశీ ప్లేయర్లు దాదాపు అందరూ పోయారు, పేరున్న ఇండియన్ ప్లేయర్లు కూడా పోయారు. కోచ్ థాంగ్‌బోయి సింగ్టో రిజర్వ్ టీం కుర్రాళ్లతో సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, మార్చిలో చెన్నైయిన్ మీద. ఎనిమిది పాయింట్లు, అట్టడుగు. రెండేళ్ల కిందటి ఛాంపియన్ల గతి అది. నేను ఆ కుర్రాళ్లను మాత్రం ఒక్క మాట అనను. ఎదుట ఖరీదైన స్ట్రైకర్లు, వీళ్లకు రేపు ఏమైతదో తెలియదు. అయినా ప్రతి వారం గ్రౌండ్‌లోకి దిగారు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. టీం బతికింది. కానీ 2024-25లో పదమూడు టీంల్లో పన్నెండో స్థానం. 2025 అక్టోబర్‌కు హైదరాబాద్ ఎఫ్‌సీ అనే పేరు పోయి ఢిల్లీ టీం అయిపోయింది. ఇక్కడ ధర్నాలు లేవు, రాస్తారోకోలు లేవు. పోయిందని చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఇందులో ఇంకో తమాషా. అదే మనోలో మార్కెజ్ 2024లో ఇండియా టీం కోచ్ అయ్యాడు. ఆయన మొదటి మ్యాచ్ ఎక్కడ ఆడించాడో తెలుసా? సెప్టెంబర్ 3న, మారిషస్ మీద, మన గచ్చిబౌలిలోనే. ఆ డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి రౌండ్ కూడా హైదరాబాద్‌లోనే జరిగింది, బెంగాల్ గెలిచింది. స్టేడియం ఉంది, మ్యాచ్‌లు వస్తున్నాయి. మనదని చెప్పుకునే పెద్ద లీగ్ టీం మాత్రం లేదు.

మరి క్లబ్ పోకుండా ఆపడం సాధ్యమేనా? బయట ఏం చేశారో చూద్దాం.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ అని లండన్ క్లబ్. దాని ఓనర్లు టీంను మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తీసుకుపోతామంటే 2002లో ఫుట్‌బాల్ సంఘం కమిషన్ సరే అన్నది. అభిమానులు ఏం చేశారు? ఏడ్చుకుంటూ కూర్చోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, అభిమానులే ఓనర్లు. పార్క్‌లో ట్రయల్స్ పెట్టి ప్లేయర్లను ఎంచుకున్నారు. తొమ్మిదో స్థాయి లీగ్ నుంచి మొదలు. 2011 కల్లా మెట్టు మెట్టు ఎక్కి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో తమ పాత పేట ప్లౌ లేన్‌లో సొంత స్టేడియం కట్టుకుని ఇంటికి తిరిగొచ్చారు. పద్దెనిమిదేళ్లు పట్టింది.

జర్మనీలో ఇంకో పద్ధతి. అక్కడ చాలా క్లబ్‌ల్లో సగానికి పైన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలని రూల్, యాభై ప్లస్ ఒకటి అంటారు. డబ్బు ఎవరైనా పెట్టొచ్చు, కానీ సభ్యులు ఒప్పుకోకుండా క్లబ్‌ను మూటగట్టి వేరే ఊరికి తీసుకుపోలేరు.

అవన్నీ ఫారిన్ కథలు అంటారా? కోల్‌కతా చూడండి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 2020లో ఏటీకేతో కలిసి పేరు ఏటీకే మోహన్ బగాన్ అయింది. ఆ ముందు అక్షరాలు అభిమానులకు నచ్చలేదు. స్టేడియంలో బ్యానర్లు, రోడ్ల మీద నిరసనలు, ఆగలేదు. 2023లో ఓనర్ ఆ అక్షరాలు తీసేశాడు. మూడు అక్షరాల కోసం అంత పట్టుబట్టిన ఊరు, క్లబ్‌నే తీసుకుపోతామంటే ఊరుకుంటుందా? ఆ బలం ఒక్క సీజన్‌లో రాదు. తాత, తండ్రి, కొడుకు ఒకే గ్యాలరీలో కూర్చుంటే వస్తది.

కాబట్టి నా మాట ఇది. సిటీ పోలీస్ టీంకు మన గల్లీల్లోంచి వచ్చిన ప్లేయర్లు ఉండె, కానీ ఒక మనిషి, ఒక శాఖ మీద ఆధారపడింది. ఆ ఆసరా తగ్గగానే తగ్గింది. హైదరాబాద్ ఎఫ్‌సీకి డబ్బు, కోచ్, కప్పు అన్నీ వచ్చినయి, కింద వేరు మాత్రం లేదు. లైసెన్స్‌ను ఫైల్‌లో పెట్టుకుని విమానంలో ఢిల్లీ తీసుకుపోవచ్చు. కానీ ఒక జిల్లాలో వంద మంది పిల్లలు రోజూ ఆడే గ్రౌండ్‌ను ఎవరూ తీసుకుపోలేరు. క్లబ్‌ను ఊరిలో ఉంచేది ఆ గ్రౌండే.

మనకు ఆటగాళ్లు లేరా? గుగులోత్ సౌమ్య పేరు విన్నారా? నిజామాబాద్ జిల్లాలో తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2016 దాకా కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా నిజామాబాద్ జిల్లానే కదా, అంటే మన జిల్లా బిడ్డనే. ఇండియాకు ఆడుతోంది. క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ మహిళల టీంకు ఆడింది. ఈస్ట్ బెంగాల్ 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ టీంలో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఆమెకే. కోల్‌కతా వాళ్లు ఆమె పేరు అరుస్తారు. మన కామారెడ్డి బస్టాండ్‌లో పది మందిని అడగండి, ఎంతమందికి తెలుసో చూడండి.

హైదరాబాద్‌లో శ్రీనిధి దక్కన్ అని ఇంకో క్లబ్ ఉంది, ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండు సీజన్లు వరుసగా రెండో స్థానం. అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్ ఉంది. సిటీలో చదువుకునే మన పిల్లలు అది కూడా ఒకసారి గుర్తుపెట్టుకోండి.

ఇక మన ఊళ్ల సంగతి. కామారెడ్డి డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌కు సాయంత్రం పోతే నాలుగైదు క్రికెట్ మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. ఎల్లారెడ్డిలో కబడ్డీ, వాలీబాల్ బాగా ఆడతారు. ఫుట్‌బాల్ అంటే స్కూల్ గేమ్స్ సెలక్షన్లు వచ్చినప్పుడు పది రోజుల హడావిడి, తర్వాత బాల్ స్టోర్ రూంలోకి. దీన్ని మార్చడానికి ఐఎస్‌ఎల్ అక్కర్లేదు. మూడు పనులు చెప్తా, రాసుకోండి.

ఒకటి, వారంలో రెండు రోజులు, ఒకే టైంకు, ఒకే గ్రౌండ్‌లో ఆడండి. పదకొండు మంది దొరకకపోతే ఐదుగురు ఐదుగురు ఆడండి. టైం ఫిక్స్ ఉంటేనే కొత్త పిల్లలు వస్తారు. అమ్మాయిలకు కూడా ఆ టైం ఉండాలి, సౌమ్య అట్లాంటి గ్రౌండ్‌లోంచే వచ్చింది. మీ పీఈటీ సార్‌ను అడగండి, అడిగితే కాదనే సార్ తక్కువ.

రెండు, రహీం సాబ్ ఆట ఆడండి. నెలకు ఒక మ్యాచ్ రెండో కాలితోనే. ఓడినా నవ్వొస్తది, గెలిచినా నవ్వొస్తది, ఆట మాత్రం మెరుగైతది.

మూడు, కామారెడ్డికి, ఎల్లారెడ్డికి మధ్య ఏటా ఒక మ్యాచ్ పెట్టుకోండి. ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ. స్కోర్ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, గోల్ కొట్టినోళ్ల పేర్లతో సహా. పదేళ్లు ఆగకుండా నడిస్తే అది చరిత్రే. ఓనర్ ఉండడు కాబట్టి ఎవరూ అమ్మలేరు కూడా.

రేపు హైదరాబాద్‌కు మళ్లీ పెద్ద క్లబ్ రావచ్చు. వచ్చినప్పుడు వాళ్లకు స్టేడియం ఒక్కటే చూపిస్తే మళ్లీ ఇదే కథ జరుగుతది. జిల్లా జిల్లాకు ఆడే పిల్లలు, చూసే జనం ఉంటే, తీసుకుపోయేముందు పదిసార్లు ఆలోచిస్తారు.

ఈరోజుకు ఇంతే. మీ ఊళ్లో ఎవరైనా ఫుట్‌బాల్ నేర్పుతున్నా, పాత రోజుల్లో పోలీస్ టీం ఆట చూసిన తాతలు ఎవరైనా మీ ఇంట్లో ఉన్నా నాకు చెప్పండి, కెమెరా పట్టుకుని నేనే వస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.